నిషిద్ధాక్షరి లాంటి ఆట

అవధానంలో నిషిద్ధాక్షరి చూసినవారికి తెలుసు. పృచ్ఛకుడు ఒక్కో అక్షరాన్నే నిషేధిస్తూ పోతాడు, అవధాని మిగిలిన సందుల్లోంచే పద్యాన్ని లాక్కొస్తాడు. సభ చప్పట్లు కొట్టేది పద్యం అందానికి మాత్రమే కాదు, అన్ని దారులు మూశాక కూడా ఒక దారి దొరికినందుకు. నెట్‌బాల్ గొప్పతనం కూడా అక్కడే ఉందని నా వాదన. మన దగ్గర ఇది స్కూల్ గేమ్స్ జాబితాలో కనిపించే ఒక పేరు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఇంగ్లండ్, జమైకాల్లో మాత్రం అమ్మాయిలు తరతరాలుగా ఆడుతున్న ఆట, కొందరికి ఇప్పుడు జీవనోపాధి కూడా. ఈ ఆటలో బంతిని నేలకు కొడుతూ పరుగెత్తడానికి లేదు. చేతికందిన మూడు సెకన్లలోపే వదిలేయాలి. మొదట నేలకు ఆనిన కాలు పైకెత్తితే, అది మళ్లీ నేలను తాకేలోగా బంతి చేయి దాటిపోవాలి. అడ్డుకునే ఆమె, బంతి పట్టుకున్న ఆమె కాలికి 0.9 మీటర్ల దూరంలో నిలబడి చేతులు చాచవచ్చు తప్ప మీద పడకూడదు. జట్టులో ఉండే ఏడుగురిలో ఎవరి హద్దు వారిదే. గోల్ వేసే హక్కు ఇద్దరికే, అదీ 4.9 మీటర్ల వ్యాసార్ధం ఉన్న అర్ధవృత్తంలోంచే.

ఈ నిషేధాలు కళ కోసం పెట్టినవి కావు, ఆడవాళ్లను అదుపులో ఉంచడానికి పెట్టినవని విమర్శకులు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. 1891లో అమెరికాలో పుట్టిన బాస్కెట్‌బాల్ ఇంగ్లండ్‌లోని మహిళా వ్యాయామ కళాశాలలకు చేరి, నేలదాకా జీరాడే గౌన్లకూ, స్త్రీలు ఎక్కువ పరుగెత్తకూడదన్న ఆనాటి నమ్మకాలకూ తగ్గట్టు మారింది. 1901లో అచ్చయిన నియమాల్లో ఆ కాలపు జంకు కనిపిస్తుంది. అయితే నియమం ఎందుకు పుట్టిందన్నది ఒక ప్రశ్న, వందేళ్లు ఆడినవాళ్లు దాన్ని ఏం చేశారన్నది ఇంకో ప్రశ్న. పరుగెత్తకుండా ఆపాలనుకున్న నియమమే కడకు పరుగుల ఆటను తయారుచేసింది. బంతి ఉన్న ఆమె కదలకూడదు కాబట్టి మిగిలినవాళ్లే కదలాలి. ఖాళీ జాగాను పసిగట్టడం, ఎడమకు వెళ్తున్నట్టు భుజం వంచి కుడికి దూకడం, బంతి చేతికి రాకముందే తర్వాత ఎవరికి విసరాలో తేల్చుకోవడం ఇక్కడి అసలు విద్యలు. సెంటర్, వింగ్ అటాక్ స్థానాల్లో ఆడేవాళ్లు గోల్ పట్టికలో ఎప్పటికీ కనిపించరు. అయినా ఆట నడిచేది వాళ్ల చూపుమీదే.

పొడుగాటి మనిషిని రింగు కింద నిలబెడితే చాలు కదా, ఇందులో నేర్పేముంది? ఈ ఆక్షేపణకు ఐరీన్ వాన్ డైక్ జీవితం కంటే మంచి జవాబు నాకు తెలియదు. దక్షిణాఫ్రికాలో 1972లో పుట్టిన ఈమె ఎత్తు 190 సెంటీమీటర్లు. సొంత దేశానికి 72 టెస్టులు ఆడి, 1995 ప్రపంచకప్పులో వెండి పతకం అందుకుంది. 2000లో న్యూజిలాండ్‌కు తరలివెళ్లి ఆ దేశానికి మరో 145 టెస్టులు ఆడింది. 2003లో జమైకాలో జరిగిన ఫైనల్లో ఆస్ట్రేలియాను 49-47తో ఓడించి, 16 ఏళ్ల తర్వాత న్యూజిలాండ్ ప్రపంచకప్పు గెలిచినప్పుడు గోల్ షూటర్ ఈమే. ఎత్తు ఒక్కటే సరిపోయేదైతే ఇరవై ఏళ్లు నిలిచేది కాదు, ఎందుకంటే ఎదుట గోల్ కీపర్లు కూడా పొడగరులే. 3.05 మీటర్ల ఎత్తున ఉన్న రింగు వెనుక బాస్కెట్‌బాల్‌లో ఉన్నట్టు పలక ఉండదు, తగిలి లోపలికి పడే అవకాశమే లేదు. అందుకే బంతిని బాగా పైకి లేపాలి. నిట్టనిలువుగా దిగే బంతికి రింగు నిండుగా తెరిచి ఉంటుంది, ఏటవాలుగా వచ్చే బంతికి అదే రింగు సన్నని చీలికైపోతుంది. మోకాలి వంపులోంచి బలం తీసి, మణికట్టు విరుపుతో బంతికి వెనక్కి తిరిగే సుడి ఇవ్వడం, ముఖానికి అడ్డంగా చేతులున్నా అదే లయ తప్పకుండా వేయడం వేల సార్లు వేస్తే తప్ప వంటబట్టదు. దానికి ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. కీపర్‌ను నెట్టకుండానే వీపు వెనుక నిలిపి, ముందు జాగాను తనదిగా కాపాడుకోవాలి. బయటినుంచి చూస్తే ఊరికే నిల్చున్నట్టుంటుంది, కాళ్ల కింద మాత్రం ఓ చదరంగం నడుస్తుంటుంది. నేర్పే ఆటను తేల్చిన రోజు కూడా ఉంది. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల నెట్‌బాల్ ఫైనల్ అరవై నిమిషాల్లో తేలలేదు, అదనపు సమయంలోనూ తేలలేదు. చివరికి న్యూజిలాండ్ 66-64తో ఆస్ట్రేలియాను దాటింది. గెలుపు గోల్ వేసింది దూరంనుంచి కొట్టడంలో పేరున్న మరియా టుటాయియా. వాన్ డైక్ పక్కనే ఉన్నా, దూరపు చేయి తేల్చిన ఆట అది.

శరీరం చెల్లించే మూల్యం కూడా చూడాలి. గాలిలో బంతి అందుకుని, ఒకటి రెండు అడుగుల్లోనే ఠక్కున ఆగిపోవాలి. ఆ ఆగడంలోని బరువంతా మోకాళ్లమీద పడుతుంది, లిగమెంట్ తెగి ఏడాది ఆటకు దూరమైనవాళ్లు చాలామంది. ఇంత పెట్టుబడికి వచ్చే ప్రతిఫలం చాలాకాలం దాదాపు సున్నా. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి 2008లో ఉమ్మడి లీగ్ పెట్టేదాకా దేశానికి ఆడేవాళ్లు కూడా ఏదో ఒక ఉద్యోగం చేస్తూ ఆడారు. 2017లో ఆస్ట్రేలియా ఎనిమిది జట్లతో సూపర్ నెట్‌బాల్ మొదలుపెట్టినప్పుడు కనీస వేతనం 27,375 ఆస్ట్రేలియన్ డాలర్లయింది. గాయపడినా, గర్భం దాల్చినా రెండేళ్ల వరకు ఆదాయానికి భరోసా కూడా ఆ ఒప్పందంలోనే వచ్చింది. తల్లి కావడమంటే ఆట వదులుకోవడం కాదని ఒక క్రీడ కాగితంమీద రాసివ్వడం నా దృష్టిలో ఏ కప్పుకన్నా పెద్ద సంగతి.

ఒలింపిక్స్‌లో లేని ఆట, టీవీ డబ్బు తేని ఆట, జీతాలు మార్కెట్‌ను బట్టే ఉంటాయని లెక్కలు చెప్పేవారుంటారు. కానీ మార్కెట్ అనేది వర్షంలా దానంతటది కురిసేది కాదు. ఏ ఆటను ఎప్పుడు చూపించాలి, ఎంత ప్రచారం చేయాలి అన్నవి మనుషులు తీసుకునే నిర్ణయాలు. 2023 ఆగస్టులో ఆస్ట్రేలియా కేప్‌టౌన్‌లో ఇంగ్లండ్‌ను 61-45తో ఓడించి పన్నెండోసారి ప్రపంచకప్పు గెలిచింది. రెండు నెలలు తిరక్కుండానే సూపర్ నెట్‌బాల్ ఒప్పందాలు ముగిశాయి, కొత్తవి కుదరక క్రీడాకారిణులు లీగ్ జీతం లేకుండా వారాల తరబడి గడిపారు. వాళ్లు పట్టుబట్టింది జీతం పెంపు ఒక్కదానికే కాదు, ఆట సంపాదించే ఆదాయంలో వాటాకు. డిసెంబరులో కుదిరిన ఒప్పందంలో ఆ వాటా వచ్చింది.