కాలేయానికి ఆకలి పుట్టించే మాత్ర

మా బాబాయికి షుగర్ వచ్చి పదకొండేళ్లు. మొన్నటి చెకప్‌లో డాక్టరుగారు పాత మందుల కింద ఇంకో వరుస చేర్చి, అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు అని రాశారు. బాబాయి ల్యాబ్ కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "ఏరా, ఎల్‌డీఎల్ 112 ఉంది. 130 లోపుంటే చాలని పక్కన వాళ్లే అచ్చేశారు. లేని జబ్బుకు మందెందుకు?"

న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ మాత్ర పనితనం చూడాలి. చాలామంది అనుకునేట్టు అది రక్తంలో కొవ్వును కరిగించదు, నాళాలను కడగదు. దాని అసలు పనంతా కాలేయంలోనే.

ఎల్‌డీఎల్ అంటే రక్తంలో తేలే ఓ బుల్లి పొట్లం. అడ్డంగా కొలిస్తే సుమారు 22 నానోమీటర్లు. లోపల పదిహేను వందల దాకా కొలెస్ట్రాల్ ఎస్టర్ అణువులు కుక్కి ఉంటాయి. పైన పలచని పొర, దాన్ని చుట్టుకుని ఒక పొడవాటి ప్రోటీన్. దాని పేరు అపోబి. పొట్లానికి ఒక్కటే అపోబి ఉంటుంది. ఈ లెక్క గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

కాలేయ కణం పైపొర మీద ఈ అపోబిని పట్టుకునే కొక్కేల్లాంటి రిసెప్టర్లు ఉంటాయి. పొట్లం తగలగానే కొక్కెం పట్టుకుంటుంది. ఆ చోట పొర గుంటలా లోపలికి కుంగి, తిత్తిలా మూసుకుని, కణంలోకి జారుతుంది. తిత్తి లోపల ఆమ్లం పెరగ్గానే కొక్కెం పట్టు వదిలేస్తుంది. పొట్లం అరగడానికి పోతుంది, కొక్కెం ఖాళీగా మళ్లీ పైకి వస్తుంది. ఒక్కో విడతకు పట్టేది పది నిమిషాలు. ఒక రిసెప్టర్ బతికేది ఇరవై గంటలే అయినా, ఆ కాస్త ఆయుష్షులో వందకు పైగా సార్లు వెళ్లొస్తుంది. అమెరికాలోని డల్లాస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ దీన్ని విప్పి చూపారు. 1985లో వారికి నోబెల్ వచ్చింది.

రక్తంలో ఎల్‌డీఎల్ తగ్గాలంటే ఆ కొక్కేలు పెరగాలి. మరి కాలేయం వాటిని ఎప్పుడు పెంచుతుంది? తనకు కొలెస్ట్రాల్ కరువైనప్పుడు. ఇంట్లో పొయ్యి వెలిగినంత కాలం ఎవరూ బజారుకు పరిగెత్తరు కదా. కాలేయానిదీ అదే తీరు. కొలెస్ట్రాల్‌ను అది సొంతంగా ముప్పై దాకా మెట్లలో వండుకుంటుంది. వాటిలో తొలి మెట్లలోని ఒకదాన్ని హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్ అనే ఎంజైమ్ నడుపుతుంది. కాలువకు తూము ఎలాగో ఈ వంటకు ఈ ఎంజైమ్ అలాగ. అది ఎంత వదిలితే కింద అంత పారుతుంది.

ఆ తూముకు సరిపోయే బిరడాను వెతికినవాడు అకిరా ఎండో. టోక్యోలో సాంక్యో కంపెనీలో పనిచేసేవాడు. ఆయన తర్కం నాకు ముచ్చటేస్తుంది. బూజులు తమతో పోటీపడే సూక్ష్మజీవులను చంపడానికి రకరకాల విషాలు చేస్తాయి. ఆ సూక్ష్మజీవుల్లో కొన్నింటికి కొలెస్ట్రాల్ లాంటి పదార్థాలు లేకుంటే బతుకు లేదు. కాబట్టి ఈ వంటను ఆపే విషం ఏదో ఒక బూజులో ఉండి తీరాలి అనుకున్నాడు. 1971లో వెతుకులాట మొదలుపెట్టి ఆరు వేలకు పైగా బూజు రకాలను పరీక్షించాడు. 1973లో అది దొరికింది. ఎక్కడంటే, క్యోటోలోని ఒక ధాన్యం దుకాణంలో బియ్యానికి పట్టిన నీలి ఆకుపచ్చ బూజులో. పేరు కాంపాక్టిన్. ఎలుకల మీద ప్రయోగిస్తే ఫలితం సున్నా. అక్కడితో కథ ముగిసేదే. కానీ గుడ్లు పెట్టే కోళ్ల మీద చూద్దామనుకున్నారు. గుడ్డు సొనలో కొలెస్ట్రాల్ దండిగా ఉంటుంది కాబట్టి కోడి ఒంట్లో దాని వంట కూడా జోరుగానే ఉండాలి. 1976లో ఆ కోళ్ల రక్తంలో కొలెస్ట్రాల్ బాగా పడిపోయింది. కాంపాక్టిన్ మార్కెట్‌కు రాలేదు. దాని దగ్గరి చుట్టం లోవాస్టాటిన్ 1987లో అమెరికాలో అనుమతి పొందింది. స్టాటిన్లని పిలిచే ఈ కోవ మందుల్లో అదే తొలిది. బాబాయి చేతిలోని అటోర్వాస్టాటిన్ బూజు నుంచి వచ్చింది కాదు, రసాయన శాస్త్రజ్ఞులు మొత్తంగా తామే కట్టినది.

స్టాటిన్ అణువుకు ఒక చివర, ఎంజైమ్ రోజూ పట్టుకునే పదార్థాన్ని పోలిన ముక్క ఉంటుంది. ఎంజైమ్ దాన్ని తనవాడే అనుకుని పట్టుకుంటుంది. అసలు పదార్థం కన్నా వేల రెట్లు గట్టిగా అతుక్కుంటుంది కనుక తూము మూసుకుంటుంది. కణంలో కొలెస్ట్రాల్ తగ్గుతుంది. లోపలి పొరల్లో స్కాప్ అనే కాపలా ప్రోటీన్ ఈ కొరతను పసిగట్టి, తన జోడు ప్రోటీన్‌ను గొల్జి అనే భాగానికి తోడుకెళుతుంది. అక్కడ రెండు కత్తెరలు, ఒకదాని తర్వాత ఒకటి, దాన్ని కోస్తాయి. తెగిన ముక్క కేంద్రకంలోకి వెళ్లి 'కొక్కేలు చేయండి' అనే జన్యువును మేల్కొలుపుతుంది. కాలేయానికి పుట్టిన ఆకలిని తీర్చేది రక్తంలోని పొట్లాలే.

ఇందులోనే ఒక మెలిక ఉంది. కొక్కేలను చేయించే ఆ ముక్కే, వాటిని నాశనం చేసే పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్‌నూ చేయిస్తుంది. యాక్సిలరేటరు, బ్రేకు ఒకేసారి తొక్కినట్టు. స్టాటిన్ డోసు రెట్టింపు చేసినా ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది 6 శాతం దగ్గరే, దానికి ఇదొక కారణం. అటోర్వాస్టాటిన్ తొలి 10 మిల్లీగ్రాములే 35 శాతానికి పైగా తగ్గిస్తాయి.

ఇక బాబాయి 112 దగ్గరికి వద్దాం. షుగర్ ఉన్నవాళ్ల కాలేయం ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు నిండిన పెద్ద పొట్లాలను ఎక్కువగా రక్తంలోకి వదులుతుంది. అవి ఎల్‌డీఎల్‌తో సరుకు మార్పిడి చేసుకుంటాయి, ట్రైగ్లిజరైడ్ ఇచ్చి కొలెస్ట్రాల్ తీసుకుంటాయి. ఆ తర్వాత మరో ఎంజైమ్ ఆ ట్రైగ్లిజరైడ్‌నూ కొరికేస్తే ఎల్‌డీఎల్ చిన్నదై, గట్టిపడుతుంది. ల్యాబ్ కొలిచేది పొట్లాల్లోని సరుకునే, పొట్లాలను కాదు. ఒక్కో పొట్లంలో సరుకు తక్కువైతే అదే 112కు ఎక్కువ పొట్లాలు ఉండొచ్చు. ధమని గోడలోకి దూరి పూడిక పెట్టేది మాత్రం పొట్లమే. పొట్లానికి ఒకే అపోబి కాబట్టి అపోబి పరీక్ష వాటిని తిన్నగా లెక్కబెడుతుంది. అది చేయించలేకపోతే మొత్తం కొలెస్ట్రాల్ నుంచి మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తీసేయండి, ఆ నాన్ హెచ్‌డీఎల్ అంకె ఎల్‌డీఎల్ కన్నా నిజానికి దగ్గర.

అందుకే షుగర్ ఉన్నవారి విషయంలో వైద్యులు ఎల్‌డీఎల్ అంకెను మాత్రమే నమ్మరు. వయసు చూస్తారు, బీపీ, సిగరెట్, మూత్రంలో అల్బుమిన్, కంటి రెటీనా చూస్తారు. ఎల్‌డీఎల్ మరీ ఎక్కువ లేకపోయినా మాత్ర ఇవ్వడానికి ఆధారం 2004లో వెలువడిన కార్డ్స్ అధ్యయనం. బ్రిటన్, ఐర్లండ్‌లలో 2,838 మంది, అందరికీ టైప్ 2 షుగర్, ఎవరికీ అంతకుముందు గుండెజబ్బు లేదు, ఎల్‌డీఎల్ 160 మించలేదు. సగం మందికి అటోర్వాస్టాటిన్ 10, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. ఉత్తుత్తి మాత్ర వాళ్లలో నూటికి 9 మందికి, మందు వాళ్లలో నూటికి 6 మందికి సుమారు నాలుగేళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి వచ్చాయి. తేడా అంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని అనుకున్నదానికి రెండేళ్ల ముందే ఆపేశారు. మొదట్లో ఎల్‌డీఎల్ తక్కువున్నవాళ్లకూ మేలు తగ్గలేదు. నూటికి ముగ్గురు అనేది గొప్ప అంకె కాదనిపించొచ్చు. ఆ ముగ్గురు ఎవరో ముందే తెలిసే వీలుంటే మిగతా వాళ్లు మాత్ర వేసుకోనక్కర్లేదు. ఆ వీలు లేదు.

ఇక కండరాల నొప్పుల భయం. దీన్ని తేల్చిన సామ్సన్ అనే ప్రయోగం నిర్మాణం నాకు మందు కన్నా అందంగా అనిపిస్తుంది. ఇబ్బందులతో స్టాటిన్ మానేసిన 60 మందికి పన్నెండు సీసాలు, నెలకొకటి. నాలుగింట్లో స్టాటిన్, నాలుగింట్లో ఉత్తుత్తి మాత్ర, నాలుగు ఖాళీ. స్టాటిన్ నెలల్లో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్ర నెలల్లోనూ వచ్చింది. 2020లో అచ్చయిన ఫలితమిది. అలాగని అందరి నొప్పీ భ్రమ అనకూడదు. నిజమైన కండర నష్టం అరుదుగా వస్తుంది. నొప్పితో పాటు మూత్రం నల్లబడితే ఆగకుండా డాక్టరును చూడాలి. స్టాటిన్ షుగర్‌ను కొంచెం పెంచుతుందన్నదీ నిజమే. కానీ ఆ పెంపు స్వల్పం. షుగర్ ఉన్నవాడు దాన్ని సాకుగా పెట్టుకుని గుండెను వదులుకోవడం బేరం కాదు.

గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చినవాళ్లకు సాధారణంగా ఎక్కువ డోసే. షుగర్ ఉండి 40 నుంచి 75 ఏళ్ల మధ్య ఉంటే కనీసం మధ్యస్థ డోసు సరైనదని నా తీర్పు. పెద్ద వైద్య సంఘాల సలహా కూడా అదే. 75 దాటినవాళ్లు కొత్తగా మొదలుపెట్టే ముందు డాక్టరుతో మాట్లాడుకోవాలి. గర్భిణులూ, పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లూ వేసుకునే ముందు తప్పక చెప్పాలి.

బాబాయి మాత్ర మొదలుపెట్టాడు. రాత్రే వేసుకోవాలా అని అడిగితే, అటోర్వాస్టాటిన్ ఒంట్లో ఎక్కువ సేపు ఉంటుంది, ఏ వేళైనా పర్లేదని చెప్పాను. మూడు నెలల తర్వాత చేయించిన పరీక్షలో ఎల్‌డీఎల్ 69 వచ్చింది. మీరూ మొదలుపెడితే 4 నుంచి 12 వారాల్లో మళ్లీ పరీక్ష చేయించుకోండి, పాత కాగితం కూడా వెంట తీసుకెళ్లండి.