మూడో కౌంటరు

నవంబరు వచ్చిందంటే బ్యాంకుల్లో పెన్షనర్ల క్యూలు మొదలవుతాయి. బతికే ఉన్నామని రుజువు చూపించాలి, లేకపోతే పెన్షన్ ఆగిపోతుంది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు గడువు ఆ నెలే. ఎనభై దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇచ్చుకోవచ్చు. 2014లో జీవన్ ప్రమాణ్ అనే పద్ధతి వచ్చాక కాగితం బదులు వేలిముద్ర సరిపోతోంది. కానీ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఇనుము పట్టిన చేతికి, అంట్లు తోమి తోమి నున్నబడ్డ చేతికి గీతలెక్కడ మిగులుతాయి? మెషిన్ తీసుకోదు. క్లర్కుకీ క్లర్కుకీ తేడా సరిగ్గా అక్కడే బయటపడుతుంది. ఒకరు "రావట్లేదండీ, రేపు రండి" అంటారు. అందులో అబద్ధం లేదు, నిజంగానే రావట్లేదు. ఇంకొకరు తడిగుడ్డతో వేలు తుడిపిస్తారు, ఆరనిస్తారు, బొటనవేలు పనికిరాకపోతే ఉంగరపు వేలు పెట్టిస్తారు. "గట్టిగా నొక్కకండి మామ్మగారూ, ఊరికే ఆనించండి" అంటారు. అదీ కుదరకపోతే కుర్చీలోంచి లేచొచ్చి, ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి 2021 నుంచి ఉంది కదా అని ఫోన్ తీసి, ఆవిణ్ని కిటికీ వెలుతురు వైపు తిప్పి కూర్చోబెట్టి, "ఒక్కసారి కళ్లు ఆర్పండి" అంటారు.

ఇద్దరూ రూలు ప్రకారమే నడుచుకున్నారు, ఇద్దరికీ జీతం ఒకటే. కానీ సాయంత్రం లెక్క తీస్తే మొదటివారి దగ్గర ఎక్కువ టోకెన్లు తెగినట్టు కనిపిస్తుంది. రెండోవారు ఒక్క మనిషి దగ్గర పావుగంట ఖర్చుపెట్టారు. ఆ పావుగంట ఏ రిజిస్టరులోనూ సాయంగా నమోదు కాదు, ఆలస్యంగానే కనిపిస్తుంది. కాల్ సెంటర్లలోనూ ఇదే వరస. ఒక్కో కాలూ సగటున ఎన్ని నిమిషాలు పట్టిందో కొలుస్తారు కాబట్టి, చెప్పిందే మూడోసారి ఓపిగ్గా చెప్పిన అమ్మాయి అంకెల్లో వెనకబడుతుంది. నన్ను కలవరపెట్టేది ఇదే. చెడ్డ సేవకు ఆనవాళ్లు మిగులుతాయి, మంచి సేవకు మిగలవు. ఫిర్యాదుకు 1986 నుంచీ వినియోగదారుల చట్టం ఉంది, దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం ఉంది, 1915 అనే ఫోన్ నంబరు ఉంది. ఉండాల్సిందే, వాటి కోసం పోరాడినవాళ్లకు మనం రుణపడి ఉన్నాం. కానీ ఒక ఉద్యోగి గురించి పైవాళ్లకు జనం నుంచి చేరేది ఫిర్యాదు ఒక్కటే అయితే, ఆ ఉద్యోగి నేర్చుకునేదేమిటి? తప్పు దొర్లకుండా చూసుకోవడం. తప్పు దొర్లకుండా ఉండటానికి అన్నిటికన్నా సులువైన దారి "రేపు రండి" అనడమే. అందుకే కృతజ్ఞత మనసులో ఉంటే చాలదంటాను. కాగితం మీదికెక్కాలి, ఆ మనిషి పైఅధికారి బల్ల మీదికి చేరాలి.

జీతం తీసుకుంటున్నారుగా, మళ్లీ మెచ్చుకోలు దేనికంటారు చాలామంది. జీతం పనికి. మామ్మగారి వేలు ఆరేదాకా ఆగిన ఆ ఓపిక ఏ జీతం పట్టీలోనూ ఉండదు. నవ్వుతూ మాట్లాడటం కూడా కష్టమేనని, దానికీ ఒంట్లో సత్తువ ఖర్చవుతుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ విమానాల్లో పనిచేసే సిబ్బందిని పరిశీలించి 1983లోనే పుస్తకం రాశారు. పొద్దుట్నించీ నిలబడి బిల్లులు కొట్టే పిల్లని చూస్తే పుస్తకం అక్కర్లేకుండానే ఆ సంగతి తెలుస్తుంది.

థాంక్స్ చెప్పడం మన అలవాటు కాదనేవాళ్లూ ఉన్నారు. అది సగమే నిజం. ధన్యవాదాలు అనే మాట సభల్లో తప్ప మన నోట పలకదు, ఒప్పుకుంటాను. కానీ బస్సు ఎక్కేదాకా ఆగి చెయ్యందించిన కండక్టరుతో మన ముసలమ్మ "చల్లగా ఉండు నాయనా" అంటుంది. "పుణ్యం కట్టుకున్నావు" అంటుంది. ఇంతకన్నా నిండైన కృతజ్ఞత ఏ భాషలో ఉంది? దాని లోటల్లా ఒక్కటే, అది డిపో మేనేజరు చెవిన పడదు.

వీటన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది, దాన్ని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. హక్కుగా రావలసిన దానికి దణ్ణాలు పెట్టి పెట్టి మనం నలిగిపోయాం. ఆఫీసు గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. పైగా సంతోషంగా చేతిలో పెట్టిన పది రూపాయలే ఏళ్లు గడిచేసరికి మామూలుగా మారి, మామూలు రేటుగా మారడం మన కళ్లముందే జరిగింది. మళ్లీ ఈ మెచ్చుకోలు ఎందుకని అడిగేవాళ్ల భయం న్యాయమైనది. కానీ పని కాకముందు పెట్టే దణ్ణం వేరు, పని అయిపోయాక చెప్పే మాట వేరు. మొదటిది భయంతో పుడుతుంది, అవసరంతో వంగుతుంది. రెండోదానితో మనకు ఇక ఒరిగేదేమీ లేదు, అందుకే అది తలెత్తుకుని చెప్పే మాట. జేబులోకి వెళ్లిన డబ్బు తర్వాత వచ్చేవాడికి బరువవుతుంది. ఫైల్లోకి వెళ్లిన ఉత్తరం తర్వాత వచ్చే మామ్మగారికి కూడా పనికొస్తుంది.

ఫోన్‌లో ఐదు చుక్కలు నొక్కుతున్నాంగా అంటే, అవి చాలవు. అందరికీ ఐదు నొక్కడం అలవాటైపోయి నాలుగు ఇస్తే శిక్షలా తయారైంది. డెలివరీ కుర్రాళ్లు గుమ్మంలోనే "ఐదు ఇవ్వండన్నా" అని బతిమాలుకుంటున్నారు. చుక్కలకు నోరు లేదు, ఎవరేం చేశారో అవి చెప్పలేవు. ఉత్తరం చెబుతుంది. పెద్ద భాష అక్కర్లేదు, పొగడ్త అసలే వద్దు. తేదీ, కౌంటరు నంబరు, తెలిస్తే పేరు, జరిగిన పని, అంతే. "మేనేజరుగారికి. నవంబరు 12న మూడో కౌంటరులో ఉన్నావిడ మా అమ్మ వేలిముద్ర పడకపోతే లేచి వచ్చి, ఫోన్‌లో ముఖం చూపించి పని పూర్తి చేశారు. రేపు రమ్మనలేదు. ఈ ఉత్తరం ఆమె ఫైల్లో ఉంచగలరు." కింద సంతకం, ఖాతా ఉన్న బ్రాంచి పేరు.