మొబైల్ ఫోన్‌లో చదువు, రాత: కొల్లేటి ప్రాంత నేపథ్యంలో లిపి సమస్య

తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరే గోదావరి కాలువ, బెజవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ ఏలూరులో కలుస్తాయి. రోడ్లు బలపడక ముందు ఈ ప్రాంతపు రాకపోకలకు పడవే ఆధారం. ఇలాంటి మరొక కాలువ మీద, కృష్ణా డెల్టాలో, 1935లో పాతూరి నాగభూషణం పడవ గ్రంథాలయాన్ని నడిపారు. పాఠకుడు పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే పాఠకుడి దగ్గరకు వెళ్లాలన్న ఆ ఆలోచన గ్రంథాలయోద్యమపు గొప్ప ఊహల్లో ఒకటి. యువత చేత చదివించడానికి మొబైల్ ఫోన్‌ను వాడుకోవాలని నేడు చెప్పేవారు కూడా తెలిసో తెలియకో ఆ పడవనే మనసులో పెట్టుకొని మాట్లాడుతున్నారు. ఫోన్ వారికి పుస్తకాలు మోసే పడవ. అయితే పడవలో కూర్చొని ఎవరూ తిరిగి రాయలేదు. ఫోన్ చదివించే సాధనం కన్నా ముందు రాయించే సాధనం. తెలుగు యువత అందులో ఏ లిపిలో రాస్తున్నదన్న ప్రశ్నను పక్కన పెట్టి పఠనాభిరుచిని గురించి చర్చించడం వల్ల విషయం సగమే తెలుస్తుంది.

యువత ఫోన్‌లో తెలుగును రోమన్ అక్షరాల్లో రాయడాన్ని భాషాభిమానులు నిర్లక్ష్యంగానో, ఇంగ్లిషు మోజుగానో వ్యాఖ్యానించడం పరిపాటి. అసలు కారణం మొదట సాంకేతికం. ఒక సంక్షిప్త సందేశానికి కేటాయించిన చోటు 140 బైట్లు. ఇంగ్లిషు అక్షరాలైతే అందులో 160 పడతాయి. తెలుగు యూనికోడ్‌లో ఒక్కొక్క సంకేతానికి రెండు బైట్లు కావాలి కనుక 70 మాత్రమే పడతాయి. పైగా మనం ఒకే అక్షరంగా చూసేది యంత్రానికి ఒకటి కాదు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో ఆరు సంకేతాలున్నాయి. ‘తాడేపల్లిగూడెం’లో పద్నాలుగు. ఆ ఊరి పేరును ఖాళీ లేకుండా ఐదుసార్లు రాస్తే తెలుగు సందేశం నిండిపోతుంది. రోమన్‌లోనూ ఆ పేరుకు పద్నాలుగు అక్షరాలే, కాని పదకొండుసార్లు రాశాక కూడా ఇంకా కొంత చోటు మిగులుతుంది. సందేశానికి ఇంత అని లెక్క కట్టి డబ్బు చెల్లించిన రోజుల్లో విద్యార్థి ఏ లిపిని ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు. అంకెల మీటల మీద తెలుగు గుణింతం వేయడంలోని శ్రమ సరేసరి.

ఆ పరిమితి నేడు లేదు. డేటా మీద నడిచే వాట్సాప్ వంటి వేదికల్లో ఎంత రాసినా ఒకే ఖర్చు. కాని అలవాటు నిలిచిపోయింది. 2016లో భారతీయ ప్రమాణాల సంస్థ ఫోన్లకు నిర్దేశించిన ప్రమాణాన్ని ఈ సందర్భంలో గమనించాలి. అధికార భాషలు ఇరవై రెండింటిలోనూ సందేశాలు చదవగలగాలని, రాయడానికి మాత్రం ఇంగ్లిషు, హిందీలతో పాటు కనీసం మరొక భారతీయ భాష ఉండాలని అది చెప్పింది. చదవడం అందరి హక్కు అయితే, రాయడంలో తెలుగువాడు ఆ ‘మరొక’ స్థానంలో నిలబడవలసి వచ్చింది.

రోమన్ రాత వల్ల కలిగే నష్టం అందరికీ తెలిసిందే. కె, ఏ, ఎల్, ఎల్, యు అన్న ఐదు అక్షరాలు కల్లో, కళ్లో, కాళ్లో సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. ల-ళ, న-ణ, త-ట, హ్రస్వ-దీర్ఘ భేదాలు కంటికి కనిపించకుండా పోతాయి. అయితే విమర్శ ఇక్కడే ఆగకూడదు. రోమన్‌లో రాసేవారు తప్పు రాస్తామన్న భయం లేకుండా రాస్తున్నారు. వత్తు తప్పిందని, ‘శ’ బదులు ‘ష’ వచ్చిందని దిద్దేవారు అక్కడ లేరు. తరగతి గదిలో పది వాక్యాలకు తడబడే విద్యార్థి ఫోన్‌లో తన ఇంటి మాటను యథాతథంగా, ఎడతెగకుండా రాస్తాడు. నోట పలికే భాష రాతకు పనికిరాదన్న వాదాన్ని గిడుగు రామమూర్తి ఎదుర్కొన్న తీరు తెలిసినవారు దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేరు. వ్యవహార భాషకు ఆయన సాధించిపెట్టిన చొరవ ఈ తరానికి అందింది, కాని తెలుగు లిపి చేజారింది.

ఇతర దేశాల అనుభవాలను మనకు అన్వయించేటప్పుడు కూడా లిపి ప్రశ్న మరుగున పడుతున్నది. 2007లో జపాన్‌లో అత్యధికంగా అమ్ముడైన పది నవలల్లో ఐదు మొదట ఫోన్‌లో వెలువడినవే. కాని అక్కడి ఫోన్ల అంకెల మీటలు జపనీస్ అక్షరాలను పలికేవి. యువత తన లిపిలోనే రాసింది. 2009లో దక్షిణాఫ్రికాలో స్టీవ్ వోస్లూ చొరవతో ‘కొంటాక్స్’ అనే కథను ఇంగ్లిషు, షోసా భాషల్లో ఫోన్లకు అందించారు. షోసా లిపి రోమనే కనుక అక్కడ ఈ చిక్కే లేదు. ఈ రెండు విజయాలనూ తెలుగు నేలకు నేరుగా తరలించలేం. మన దగ్గర సినిమా పాటల ‘లిరికల్’ వీడియోల్లో సైతం సాహిత్యం ఎక్కువగా రోమన్‌లోనే కనిపిస్తుంది. నోటికి వచ్చిన పాటను తెరమీద తెలుగులో చదివే అవకాశాన్ని, అంటే ఖర్చు లేకుండా జరిగే అక్షరాభ్యాసాన్ని, మన పరిశ్రమ చేతులారా వదులుకుంటున్నది.

కొల్లేటి ప్రాంతంలో ఈ సమస్యకు మరొక పార్శ్వం ఉంది. తమ్మిలేరు, బుడమేరు తెచ్చిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయే ఈ సరస్సుకు తనదైన పదసంపద ఉంది: దోనె, వెదురు బద్దల మావు, లంక. చేపల చెరువులు సరస్సును ఆక్రమించాక ఈ మాటల్లో కొన్నిటికి పని తగ్గింది. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ వంటి నవల ఆ జీవితాన్ని గ్రంథస్థం చేసింది. ఫోన్ కీబోర్డు మాత్రం ఇదివరకే విస్తారంగా రాసి ఉన్న పదాలనే సూచిస్తుంది. 2017లో గూగుల్ ప్రవేశపెట్టిన తెలుగు స్వరలేఖనానికీ ఇదే సూత్రం. ఎవరూ రాయని మాట సూచనల్లోకి రాదు. సూచనల్లో లేని మాట రాయడానికి శ్రమ ఎక్కువ. లంక గ్రామపు విద్యార్థి తన తాత నోటి మాటను తెలుగు లిపిలో టైపు చేయడం ఈ వలయాన్ని తెంచే పని. ఏలూరు, తాడేపల్లిగూడెం కళాశాలల తెలుగు శాఖలు ప్రాజెక్టు పనిగా పురమాయించగలిగినంత చిన్న పని కూడా.

చదువు విషయంలో 2014లో యునెస్కో ప్రచురించిన అధ్యయనాన్ని తరచు ఉదహరిస్తారు. భారత్‌తో సహా ఏడు దేశాల్లో ‘వరల్డ్‌రీడర్’ ద్వారా ఫోన్‌లో చదివేవారిని పరిశీలించి, స్త్రీలు నెలకు సగటున 207 నిమిషాలు, పురుషులు 33 నిమిషాలు చదువుతున్నారని అది తేల్చింది. వారు అప్పటికే చదువరులు. చదవనివారిని ఫోన్ చదువరులుగా మారుస్తుందని అది రుజువు చేయదు. అయినా ఆ వ్యత్యాసం విస్మరించదగింది కాదు. దాని పక్కన 2023 ‘అసర్’ నివేదికను పెట్టి చూడాలి. 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో 14–18 ఏళ్ల గ్రామీణ యువతను పరిశీలించిన ఆ సర్వేలో, దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, దాన్ని వాడడమూ వారికి తెలుసు. నాలుగో వంతు మంది మాత్రం రెండో తరగతి పాఠాన్ని తమ భాషలో ధారాళంగా చదవలేకపోయారు. ఫోన్ వాడగలిగిన వారిలో సొంత ఫోన్ ఉన్నది అబ్బాయిల్లో 43.7 శాతానికి, అమ్మాయిల్లో 19.8 శాతానికి.

ఇవి దేశస్థాయి లెక్కలు; కొల్లేటి లంకలకు యథాతథంగా వర్తింపజేయలేం. కాని ఉమ్మడి ఫోన్ స్వభావం ఎక్కడైనా ఒకటే. తండ్రి చేతిలోనో అన్న చేతిలోనో ఉండే ఫోన్‌లో అమ్మాయి పాఠం చదవగలదు, కథా చదవగలదు. తన మనసులో మాట మాత్రం అందులో రాసి దాచుకోలేదు. దానికి ఆమె ఇప్పటికీ నోటుపుస్తకం చివరి పేజీలనే తిప్పుతుంది, అక్కడ తెలుగు లిపిలోనే రాస్తుంది.