వాకిటనున్న పరదేశి : జాషువ కావ్యములందు క్రైస్తవ దృష్టి

తెలుగు క్రైస్తవ వాఙ్మయమునందు ‘పరదేశి’ అను పదము పొందిన అర్థవిస్తృతిని ఆధారము చేసికొని జాషువ కావ్యములను పరిశీలించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము. స్వదేశమును విడిచి వచ్చినవానియెడలను, స్వగ్రామమునందే వెలిగా ఉంచబడినవానియెడలను క్రైస్తవ విశ్వాసము ఎట్టి వైఖరిని కల్పించును అను ప్రశ్న నేడు పలుదేశములందు చర్చకు వచ్చుచున్నది. ఐరోపా, అమెరికా ఖండములలో ఈ ప్రశ్న ప్రధానముగా సరిహద్దు దాటి వచ్చువారిని గూర్చినది. తెలుగునేలపై ఇది మొదట ఊరికిని వాడకును నడుమనున్న హద్దును గూర్చినది. ఈ భేదమును గుర్తింపక చదివినచో గుఱ్ఱం జాషువ కావ్యములందలి క్రైస్తవ దృష్టి మనకు చిక్కదు.

ఈ చర్చకు నెల్లూరు తీరమందలి విడవలూరు ప్రాంతమును నిలుకడస్థానముగా గైకొనుచున్నాము. పెన్నకు ఉత్తరమున, సముద్రమునకు చేరువగానున్న ఈ ప్రాంతము వరిపొలములకు నెలవు. తీరము వెంబడి బకింగ్‌హాం కాలువ సాగును. ఇచ్చట ఊరు, పాలెము, వాడ అను మాటలు నివాసస్థలములను మాత్రమే కాక, నివసించువారి అంతరువులను గూడ తెలుపుచు వచ్చినవి. సమీపమందలి నెల్లూరు పట్టణమున శామ్యూల్ డే అను మిషనరీ 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషనును నెలకొల్పెను. కావున వేదగ్రంథమందలి పరదేశి ఇచ్చటి శ్రోతకు ఎట్లు వినిపించియుండునో ఊహించుట కష్టము కాదు. కావ్యమున చెప్పబడిన బాధ ఎట్టి నేలమీద సత్యమైనదో తెలియుటకే ఈ ప్రస్తావన.

ముందుగా పదమును చూతము. హీబ్రూ ధర్మశాస్త్రమున పరజాతివానిని పీడింపరాదను విధి పలుమారులు వచ్చును. ఆ విధికి చెప్పబడిన హేతువు గమనింపదగినది: ఇశ్రాయేలీయులు తామును ఒకప్పుడు ఐగుప్తునందు పరవాసులైయుండిరి. అనగా దయకు మూలము ఔదార్యము కాదు, జ్ఞాపకము. సువార్తలలో అంత్యతీర్పును వర్ణించుచు క్రీస్తు తానే పరదేశిగా వచ్చితినని చెప్పును. తెలుగు అనువాదకులు ఈ భావములకు ‘పరదేశి’ అను మాటను గ్రహించిరి. నెల్లూరులో దీర్ఘకాలము పనిచేసిన లైమన్ జూయెట్ తెలుగు బైబిలు పరిష్కరణమున పాల్గొన్నవారిలో ఒకడు. అయితే తెలుగు వాడుకలో పరదేశి అనగా అన్యదేశస్థుడు మాత్రమే కాడు. యాత్రికుడు, దిక్కులేనివాడు అను ఛాయలును కలవు. ‘దిక్కులేని పరదేశి’ అనునపుడు ఆ మనుష్యుడు ఏ దేశమునుండి వచ్చెనని ఎవరును అడుగరు. ఇట్లు అనువాదమున పరజాతీయతయు నిరాశ్రయత్వమును ఒక్క మాటలో కలిసిపోయినవి. వాడలో కూర్చుండి ఆ వాక్యమును విన్న శ్రోత పరదేశి తానేయని తలచుటకు భాషయే దారి చూపినది.

చరిత్రయు ఇట్లే నడచినది. ఒంగోలునకు 1866లో వచ్చిన జాన్ క్లౌ వద్దకు మొదట చేరినవారిలో యెర్రగుంట్ల పేరయ్య ముఖ్యుడు. అతడు మాదిగ కులస్థుడు, తోళ్ల వర్తకుడు. మాదిగలను చేర్చుకొనినచో తాము రాజాలమని అగ్రకులములవారు తెలిపినపుడు క్లౌ మాదిగలనే స్వీకరించెను. 1876-78 నాటి కరవులో అతడు బకింగ్‌హాం కాలువ త్రవ్వకమున మూడు మైళ్లకు పైబడిన భాగమును గుత్తకు గైకొని, ఊళ్లు విడిచి వచ్చినవారికి పని కల్పించెను. అన్నము కొఱకు మతము మారిరను మాట రాకుండుటకు కరవుకాలమున బాప్తిస్మములను నిలిపివేసెను. పిమ్మట 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. విడవలూరు తీరము వెంబడి సాగు కాలువయు ఇదియే. వలస, ఆకలి, కులము, విశ్వాసము ఈ నాలుగును ఒక్క కాలువగట్టున కలిసికొన్న సందర్భమిది.

ఈ నేపథ్యముతో జాషువను సమీపింతము. ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించెను. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. ఇల్లు క్రైస్తవ గృహము. గుంటూరులో లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున కొంతకాలము పనిచేసెను. 1932లో ‘ఫిరదౌసి’, 1941లో ‘గబ్బిలము’, 1958లో ‘క్రీస్తు చరిత్ర’ వెలువడినవి. కడపటి కావ్యమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. క్రైస్తవ దృష్టిని వెదకువారు సహజముగా ఈ కడపటి కావ్యమునే ముందుగా తెఱతురు. మా అభిప్రాయము వేరు. ఆ దృష్టి ‘గబ్బిలము’న గాఢతరముగా కానవచ్చును.

‘గబ్బిలము’నకు కాళిదాసుని ‘మేఘదూతము’ మాతృక యను విషయము సర్వవిదితము. అయితే సామ్యముకంటె భేదము ముఖ్యము. యక్షుడు కుబేరుని శాపముచే వెడలగొట్టబడిన ప్రవాసి. అతని ప్రవాసమునకు ఒక యేడాది గడువు కలదు; తిరిగి చేరుటకు అలకాపురి కలదు; ఎదురుచూచు భార్య కలదు. జాషువ నాయకుడు అస్పృశ్య కులజుడు. అతడు ఎచ్చటికిని వెడలగొట్టబడలేదు, తాను పుట్టిన దేశముననే ఉన్నాడు. అయినను అతనికి ప్రవేశము లేదు, అతని దుఃఖమునకు గడువు లేదు. కదలని ప్రవాసమును వర్ణించుటకు కవి ప్రవాసకావ్యమగు దూతకావ్యమును ఎన్నుకొనెను. ఇదియే ఈ రచన యందలి ప్రధాన కల్పనయని మా తలంపు. పరదేశి యగుటకు దేశము విడువనక్కఱలేదను వాదమును జాషువ ఉపన్యాసముగా చెప్పలేదు. కావ్యజాతి యొక్క ఎన్నికచేతనే నిరూపించెను.

దూత విషయమునను ఇట్టి ఔచిత్యమే కలదు. మేఘమును అందఱును స్వాగతింతురు. గబ్బిలము అశుభమని జనము తలతురు. అది పక్షులలో చేరదు, జంతువులలో చేరదు. కాని మనుష్యునకు నిషిద్ధమైన దేవాలయమున దానికి నివాసము కలదు. పూజారి లేని సమయమున అది శివుని చెంత ఈ మొర వినిపింపవలెనని నాయకుడు ప్రార్థించును. వెలివేయబడినవాని మాటను మోయుటకు వెలివేయబడిన ప్రాణియే లభించినది.

ఇచ్చట ఒక ఆక్షేపము కలదు. క్రైస్తవుడగు కవి తన నాయకుని మొరను శివునికేల పంపెను? క్రైస్తవము ఆయనకు నామమాత్రమని ఒకరును, ఇది హిందూ పాఠకుల మెప్పుకొఱకు వేసిన వేషమని మఱియొకరును అనవచ్చును. ఈ రెండు సమాధానములును మాకు సమ్మతములు కావు. మొర ఎల్లప్పుడును తలుపు ఎవరి చేత నున్నదో వారి యెదుటనే పెట్టవలసియుండును. ఆ దినములలో ఆలయద్వారమే ప్రశ్నగా నుండెను. నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయమున హరిజన ప్రవేశము కొఱకు పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష పూనినది 1946లో, అనగా కావ్యము వెలువడిన అయిదేండ్లకు. కావున సంబోధ్యుడు శివుడగుట కావ్యమునకు అనివార్యము. ఆ మొర యొక్క స్వరూపము మాత్రము పరిశీలింపదగినది. దేవునిపై నమ్మకము విడువక దేవునితోనే వాదించుట, నీ సృష్టిలో ఈ అన్యాయమేలయని నిలదీయుట, భక్తుని ఆకలిని దైవసన్నిధిని సాక్ష్యముగా నిలుపుట — ఇవి దావీదు కీర్తనలందలి విలాపములకును యోబు గ్రంథమునకును సన్నిహితములు. మన శతక వాఙ్మయమునను దైవనిష్ఠూరము కలదు. కాని అందు నిష్ఠూరమాడువాడు గుడిలోపల నున్నవాడు. జాషువ నాయకుడు గుడి వెలుపలనుండి పలుకును. రెండు సంప్రదాయములును ఈ స్థానభేదమునొద్ద కలిసికొన్నవి. దీనిని ఒక మతము ఖాతాలో వ్రాయబూనుట విమర్శకునకు తగదు.

మఱి కవి ఆ గబ్బిలమును క్రైస్తవ దేవాలయమునకేల పంపలేదు? ఈ ప్రశ్నకు సమాధానము సంఘచరిత్రలో వెదకవలెను. బాప్తిస్మముతో కులము పోలేదు. ఒంగోలు బాప్టిస్టు సంఘమున మాదిగలును, గుంటూరు లూథరన్ సంఘమున మాలలును అధికసంఖ్యాకులగుటచే కులభేదమే కొంతవఱకు సంఘభేదముగా నిలిచినది. అగ్రకులములనుండి వచ్చిన క్రైస్తవులు పలుచోట్ల తమ అంతరువును విడువలేదు. పురాణకథలను వ్రాయు జాషువకు క్రైస్తవులయందును, క్రైస్తవుడగు జాషువకు హిందూ పండితులయందును నిరాదరణము ఎదురయ్యెను. ఊరి గుడి వాకిటను సంఘపు గుడి వాకిటను ఆయన పరదేశియే. ఇట్టివాడు వెలివేత ఒక మతమునకే చెందిన దోషమని భ్రమపడజాలడు.

దూరమందలి పరదేశి విషయమున ఇదే సంఘము చూపిన వైఖరిని పోల్చి చూచుట ఉపయుక్తము. 1860 మొదలు 1911 వఱకు లక్షన్నరకు పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాలునకు వెళ్లిరి. వారిలో మద్రాసు రేవునుండి వెళ్లిన తెలుగువారు అనేకులు. అట్టివారికొఱకు తెలుగు బాప్టిస్టులు 1903లో నెల్లూరునుండి జాన్ రంగయ్యను పంపిరి. సొంత ఊళ్లలో వెలిగా నుండిన సంఘము తానే బోధకుని సముద్రము దాటించుట సామాన్యవిషయము కాదు. వేదగ్రంథము కోరిన జ్ఞాపకము ఇచ్చట పనిచేసినది. కాని అదే నేలపై 1913లో కేప్ న్యాయస్థానమున న్యాయమూర్తి సెర్ల్, క్రైస్తవవిధిని జరుగని వివాహములకు చట్టమున గుర్తింపు లేదని తీర్పు చెప్పెను. ఒకే ఓడలో వచ్చిన కూలీలలో మతమునుబట్టి కొందఱి భార్యలు భార్యలు, కొందఱి భార్యలు కారు అన్నట్లయ్యెను. 1914 ఆరంభమున అచ్చటికి వెళ్లి గాంధీజీకి తోడ్పడిన సి.ఎఫ్. ఆండ్రూస్ క్రైస్తవ గురువే. ఆ యేటనే ఆ దోషమును సవరించు చట్టము వచ్చెను. కంచె కట్టిన చేతిలోను, కంచె తీయించిన చేతిలోను ఒకే గ్రంథము కలదు.

ఇంటికి చేరువనే మఱియొక నిదర్శనము. సంచారజీవులగు ఎఱుకలవారిని నేరస్థజాతిగా నమోదు చేయు చట్టము 1911లో మద్రాసు రాజధానికి వర్తించెను. పిమ్మట నెల్లూరు జిల్లా కావలిలో వారికొఱకు ఏర్పడిన సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషను నడపెను. అచ్చట బడి కలదు, పని కలదు, వైద్యము కలదు. కాని అనుమతి లేక వెలుపలికి పోవు స్వేచ్ఛ లేదు. ఆ చట్టము దేశమంతట 1952లో రద్దయ్యెను. నేటాలునకు పోయిన పరదేశిని వెదకుచు సముద్రము దాటిన విశ్వాసము, వాకిట తిరుగాడు పరదేశిని కంచెలోపల నుంచుటకు సమ్మతించినది. దూరస్థుని ఆదరించుటకంటె సమీపస్థుని సమానునిగా ఎంచుట కష్టతరము. జాషువ కావ్యము తాకినది ఈ కష్టతరమగు స్థానమునే.

ఈ దృష్టితో చూచిన ‘ఫిరదౌసి’ కథావరణమును సార్థకమే. మాట తప్పిన గజనీ మహమ్మదునకు భయపడి దేశము విడిచిపోయిన పారసీక కవిని తెలుగు క్రైస్తవకవి తనవానిగా చేసికొనెను. మతము వేఱు, భాష వేఱు, కాలము వేఱు, అవమానము ఒకటి. ‘క్రీస్తు చరిత్ర’ విషయమున మా అభిప్రాయము కొంత భిన్నము. సంస్కృతాంధ్ర ఛందస్సులు పండితుల సొత్తుగా ఎంచబడిన నాట, వాడలో పుట్టిన కవి ఆ ఛందస్సులలోనే క్రీస్తుకథను నిలుపుట ప్రవేశాధికారమును స్థాపించుటయే. కాని నాయకుడు దైవమగుటచే కవి ఇందు భక్తుడై నిలిచెను. ‘గబ్బిలము’న ఆయన వాది. వాదమందలి తీక్ష్ణత భక్తియందు చల్లబడినది. బహుమానము పొందినది రెండవది. గాయమును చూపినది మొదటిది.

ఈ గాయము పూర్వకథ మాత్రము కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులస్థుడగుటను మతముతో ముడివేసెను. దానిని 1956లో సిక్కులకును 1990లో బౌద్ధులకును విస్తరించిరి. క్రైస్తవులకట్టి సవరణము ఈ రెండుమారులును కలుగలేదు. వాడలో ఇల్లు మారనివాడు జాబితాలో మాత్రము మారిపోవుచున్నాడు. జాషువ నాయకుడు ఈ జాబితా ముందు నిలుచున్నచో ఏమనునో పాఠకులు ఊహింపగలరు.

మొత్తముమీద మేము గ్రహించినదిది. ఒక రచన క్రైస్తవ దృష్టి గలదా యని నిర్ణయించుటకు అందు క్రీస్తునామము ఎన్నిమారులు వచ్చెనని లెక్కించుట చాలదు. వాకిట నిలిచినవాడు ఎవడు, తలుపు ఎవరి చేతనున్నది, తాను నిలిచిన వాకిలిని లోపలివాడు జ్ఞప్తియందుంచుకొన్నాడా — ఈ మూడు ప్రశ్నలతో పరీక్షింపవలెను. ‘గబ్బిలము’ ఈ పరీక్షకు నిలుచును; అనేక భక్తిరచనలు నిలువవు. పరిశోధక విద్యార్థులు ఈ ప్రశ్నలను ముద్రితకావ్యములకే పరిమితము చేయక, విడవలూరు వంటి తీరగ్రామములందలి సంఘముల పాటలకును, కుటుంబచరిత్రలకును, వలసపోయినవారి ఉత్తరములకును వర్తింపజేసినచో తెలుగు క్రైస్తవ వాఙ్మయచరిత్రలో ఇప్పటికిని వ్రాయబడవలసిన ఒక ప్రధానాధ్యాయము రూపొందగలదు.