చిత్రపఠనము – కాళహస్తి పటములు

బాలశిక్షలయందు చిత్రమునకు చిరకాలముగా నొసగబడిన పదవి అక్షరమునకు దాస్యము. అకారము ప్రక్కన అమ్మయు, ఆకారము ప్రక్కన ఆవును నిలిచియుండును. బాలుడు బొమ్మను జూచి పేరు చెప్పగానే ఉపాధ్యాయుడు తృప్తుడై పుట త్రిప్పును. పేరు చెప్పుటయే చదువుట యగునా యను ప్రశ్న అంతగా చర్చింపబడినట్లు కానరాదు. పద్యమునకు ప్రతిపదార్థము చెప్పినంతమాత్రమున విద్యార్థికి తాత్పర్యము తెలిసినదని యే పండితుడును ఒప్పుకొనడు. చిత్రము విషయమున మాత్రము ప్రతిపదార్థముతోనే పాఠము ముగియుచున్నది.

వస్తువును గుర్తించుటకు శిక్షణ మక్కఱలేదు. అమెరికా మనశ్శాస్త్రజ్ఞులగు హాఖ్‌బర్గు, బ్రూక్సులు 1962లో ప్రకటించిన ప్రయోగమున, ఒక శిశువును సుమారు 19 నెలల ప్రాయము వఱకు బొమ్మలకు దూరముగా బెంచి, పిమ్మట రేఖాచిత్రములను జూపగా, ఎవరును నేర్పకయే ఆ శిశువు వానిలోని వస్తువులను పేర్కొనెను. అయితే బొమ్మ వస్తువు కాదను జ్ఞానము మాత్రము క్రమముగా గలుగునది. జూడీ డిలోచ్ మొదలగువారు 1998లో ప్రకటించిన పరిశోధనమున 9 నెలల పిల్లలు పుస్తకములోని వస్తువును చేతితో పట్టి తీయజూచిరి. 19 నెలల పిల్లలు దానిని వ్రేలితో జూపిరి. పట్టుటనుండి చూపుటకు సాగిన యీ చిన్న ప్రయాణమే చిత్రపఠనమునకు ఓనమాలు. ఇంతవఱకు శిశువు ఇంటిలోనే నేర్చుకొని బడికి వచ్చును. బడిలో మరల అదియే ఓనమాలు దిద్దించినచో వానికి క్రొత్తగా దక్కున దేమి?

ఈ దోషమునకు మూలము మన దేశమున లేదు. కొమీనియస్ పండితుడు 1658లో న్యూరెంబర్గున ప్రకటించిన ‘ఆర్బిస్ సెన్సువాలియం పిక్టస్’ అను గ్రంథము పిల్లల సచిత్ర పాఠ్యపుస్తకములకు ఆదిపురుషుని వంటిది. దానియందు ప్రతి చిత్రములోని వస్తువులకు అంకెలు వేసి, ఆ యంకెలనే లాటిను, జర్మను మాటల ప్రక్కను ముద్రించిరి. మాటలను మాటలతోనే నేర్పుచుండిన కాలమున వస్తువును కంటియెదుట బెట్టుట గొప్ప యుపకారము. దానిని తక్కువచేయ రాదు. కాని అంకె వేసిన చిత్రము నిఘంటువగును, కథ కాదు. బాలుని దృష్టి అంకెనుండి అంకెకు గంతులు వేయునే గాని, ఈ మనుష్యు డా మనుష్యుని కేమి చేయుచున్నాడని నిలిచి చూడదు.

నిలిపి చూపు చిత్రము కొఱకు దక్షిణ రాయలసీమవారు దూరము పోనక్కఱలేదు. స్వర్ణముఖీతీరమున, పూర్వము చిత్తూరు మండలములోనుండి 2022 నుండి తిరుపతి జిల్లాలో జేరిన శ్రీకాళహస్తిలో, కలంకారీ పటములను వ్రాయువారు కలరు. మచిలీపట్టణపు పనివారు చెక్క యచ్చులతో అద్దుదురు. కాళహస్తివారు కలముతో వ్రాయుదురు. కరక్కాయ పొడియు గేదెపాలును కలిపిన నీట వస్త్రమును నానబెట్టి యెండబెట్టి, చింతబరికెల బొగ్గుతో మొదట రూపురేఖలు దిద్దుదురు. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారముతో బిగించినదే కలము. ఇనుపతుక్కును బెల్లపు నీటిలో పులియబెట్టి తీసిన కసిమి యను నల్లని రసముతో గీత వ్రాసిన పిదపనే పటికకును, ఎఱుపునకును, నీలికిని వంతు వచ్చును. ‘బొమ్మ వేయుట’ యనక ‘పటము వ్రాయుట’ యనుట యిచ్చట కేవలము అలంకారోక్తి కాదు.

పటము నడుమ పెద్ద గడిలో ప్రధానఘట్టము, దాని చుట్టును వరుసలు వరుసలుగా చిన్నగళ్లలో రామాయణమో భారతమో సాగును. గడుల నడుమ పట్టెలలో తెలుగు లిపిలో ఆయా ఘట్టముల పేళ్లు వ్రాసియుండును. రాముడొకడే యైనను పటమున పదుల సంఖ్యలో కానవచ్చును. పెద్దలకిది వింతగా తోచదు. పసిబిడ్డ మాత్రము ‘ఇంతమంది రాములెవరు?’ అని యడుగుట కలదు. ఆ ప్రశ్నను విని నవ్వు ఉపాధ్యాయుడు మంచి పాఠమును పోగొట్టుకొన్నవాడే. గడి మాఱినచో కాలము మాఱినదని, రూపము మాఱకున్నచో మనిషి మాఱలేదని తెలిసికొనుట చిత్రవ్యాకరణమున మొదటి సూత్రము. దేవతామూర్తులకు నీలము, స్త్రీలకు పసుపు సాధారణముగా వాడుట, ప్రధానుని పెద్దగా వ్రాయుట మొదలగునవి యీ వ్యాకరణములోనివే. ఇవి కంటికి వానియంతట తెలియవు. అక్షరముల వలెనే ఒకరు చెప్పగా నేర్వవలసినవి.

ఈ క్షేత్రముననే వెలసిన కన్నప్ప కథను దీనికి గీటురాయిగా గొనవచ్చును. ధూర్జటి కాళహస్తిమాహాత్మ్యమున తిన్నని వృత్తాంతము నెఱుగని పండితుడుండడు. శిల్పములయందును పటములయందును ఆ వృత్తాంతము ఒక్క క్షణమునకు కుదింపబడును: వేటగాడొకడు శివలింగముపై కాలు మోపి, అమ్ము ములికిని తన కంటికి గుఱిపెట్టి నిలిచియుండును. పేళ్లు చెప్పుటతో తృప్తిజెందు పాఠమున బాలుడు ‘లింగము, మనిషి, బాణము’ అని పలికి కూర్చుండును. మూడు పేళ్లును సరియైనవే. చిత్రము మాత్రము వానికి దక్కలేదు. మఱికొంత చుఱుకైనవాడు ‘వాడు దేవుని తన్నుచున్నా’డనును. ఈ రెండవవాడు తప్పు చెప్పెను గాని చదువ నారంభించెను. కాలు, లింగము అను రెండింటికి సంబంధమును కల్పించుకొనెను. దేవునిపై కాలు పెట్టరాదని యింటిలో విన్న మాటను చిత్రమునకు తెచ్చి యన్వయించెను.

వానికిప్పుడు కావలసినది గద్దింపు కాదు, మఱికొంత చూపు. తన్నువాని ముఖ మిట్లుండునా? బాణ మెవరివైపు తిరిగియున్నది? వాని రెండవ కన్ను ఏమైనది? లింగముమీద కన్ను లెన్ని, వానిలో నెత్తురు కాఱునది యేది? ఇట్లు చూడగా చూడగా కాలి యర్థము మాఱును. ఒక కంటిని పెకలించి యిచ్చినవాడు రెండవదియు నిచ్చిన పిమ్మట గ్రుడ్డివాడగును గనుక, కన్ను పెట్టవలసిన తావును ముందుగా కాలితో గుఱుతు పెట్టుకొన్నాడు. అపచారముగా తోచినది భక్తికి పరాకాష్ఠయని తేలును. ఈ త్రిప్పు కథగా విన్న పిల్లవానికి అందుట వేఱు, తన కంటితో కనుగొన్న పిల్లవానికి అందుట వేఱు. కథ ముందే చెప్పి తరువాత చిత్రము చూపు ఆచారమున, తాను పొరపడి దిద్దుకొను నవకాశము బాలునికి దక్కదు.

అమెరికాలో అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ అనువారు గత శతాబ్దాంతమున ప్రచారము చేసిన పద్ధతి యీ మార్గముననే నడచును. చిత్రమున ఏమి జరుగుచున్నది, దేనిని జూచి యట్లు చెప్పుచున్నావు, ఇంకను ఏమి కానవచ్చుచున్నది అను మూడు ప్రశ్నలే అందు ముఖ్యసాధనములు. ఉపాధ్యాయుడు తనకు తెలిసిన విషయమును చెప్పక నిగ్రహించుకొనవలెను. రెండవ ప్రశ్న మిక్కిలి విలువగలది, వ్యాఖ్యాతను ‘ప్రమాణమేమి?’ అని యడుగుట మన పండితులకు క్రొత్త గాదు. కాని నిగ్రహమునకును హద్దు గలదు. కన్నప్ప కాలు గుఱుతు కొఱకని, ఎంత చూచినను, కథ నెన్నడును విననివాడు తేల్చుట యరుదు. సాక్ష్యములన్నియు చూచి బాలుడు చిక్కుపడి నిలిచిన చోట ఉపాధ్యాయు డొక్క మాట అందింపవలెను. ఆ మాట ముందు వచ్చిన వ్యర్థము, రాకున్న అన్యాయము.

అచ్చుబొమ్మలలోను ఈ గుణము గలవి లేకపోలేదు. 1947 జూలైలో మదరాసున మొదలైన చందమామ పత్రికలో తరువాతి కాలమున బేతాళకథలకు శంకర్ (కె. సి. శివశంకరన్) వ్రాసిన చిత్రమున, భుజముపై శవముతో కత్తి చేబూని నడచు విక్రమార్కుని జూచి, ఇంకను చదువురాని బిడ్డలు సైతము కథ మొదలైనదని చెప్పుచుండిరి. ఆ పత్రిక నిలిచిపోయినది. ఆ బొమ్మను మఱచినవారు తక్కువ.

కాళహస్తి పటమునకు 2005లో భౌగోళికసూచిక గుర్తింపు లభించినది. జొన్నలగడ్డ గురప్పసెట్టివంటి చిత్రకారునికి 2008లో పద్మశ్రీ పురస్కారము వచ్చినది. ఇవి సంతోషింపదగినవే. అయినను అంగడులలో నేడు ఎక్కువగా కానవచ్చునవి చీరల అంచులు, దిండుగలీబులు, ఒంటరిగా నిలిచిన నెమళ్లు, తామరలు. పనివారిని తప్పుపట్టుటకు వీలులేదు. కథాపటమునకు పట్టు కాలమెంతయో, దానిని కొను నిల్లెన్నియో వారికే తెలియును. కథ విడిపోయి అలంకారము మిగిలినప్పుడు పనివానికి కూలి దొరకవచ్చును గాని, బాలునికి మరల ‘నెమలి, తామర’ యను పేళ్లపట్టికయే దొరకును.

తిరుపతి, చిత్తూరు ప్రాంతపు బడులలో ఒక కథాపటము గోడకు వ్రేలాడుట గొప్ప వ్యయము కాదు. దానిని పిల్లల కంటియెత్తున కట్టవలెను, పెద్దల కంటియెత్తున గాదు. మొదటి దినములలో గడుల పట్టెలలోని వ్రాతను కాగితపు ముక్కతో కప్పియుంచుట మేలు. బాలుడు గడిని చూచి తనకు తోచినది చెప్పిన పిదప కాగితము తీసి, క్రింది మాటను కూడబలుకుకొని చదువుకొనును. చిత్రమున తాను చూచినదానికంటె ఆ మాట తక్కువ చెప్పినదని వాడు ఫిర్యాదు చేయుటయు కలదు.