స్వీయముద్రిత పద్యకావ్యాలు: అచ్చుతప్పు, ఛందోదోషం

స్వీయముద్రిత పద్యకావ్యాల సమీక్షల్లో గణభంగం, యతిభంగం అన్న ఆరోపణలు తరచుగా కనిపిస్తాయి. వాటిలో కవి చేసినవెన్ని, అక్షరకూర్పులో పుట్టినవెన్ని అన్న విచారణ మాత్రం అరుదు.

తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు వస్తాయి. ఇంద్రగణస్థానంలో కవి 'సత్యము' అని భగణం వేశాడనుకుందాం. కూర్పులో యవత్తు జారిపోతే మిగిలేది 'సతము'. అది నగణం, అనగా సూర్యగణం. పాదం కుంటుపడింది. శాశ్వతమనే అర్థంలో 'సతము' కూడా సాధుపదమే కనుక ప్రూఫు చూసేవారి కన్ను దానిపై ఆగదు. 'మన్ను' 'మను' కావడమూ ఇటువంటిదే. ర-ఱల తారుమారులో గణం చెడదు, అర్థం చెడుతుంది: అరుగడం వెళ్లడం, అఱుగడం జీర్ణించడం.

యూనికోడుకు ముందరి ఫాంట్లు తలకట్టును, గుడిని, వత్తును విడివిడి సంకేతాలుగా దాచుకునేవి. అలా కూర్చిన ప్రతిని యూనికోడులోకి మార్చేటప్పుడు మార్పిడి పట్టికలో ఒక్క వత్తు లోపిస్తే, ఆ లోపం పుస్తకమంతటా వ్యాపిస్తుంది. ఫారాలు అచ్చయ్యాక ఒక్క వత్తు దిద్దాలన్నా 16 పేజీల ఫారం మొత్తం తిరిగి అచ్చువేయాలి. సొంత ఖర్చుతో అచ్చువేసుకునే కవికి అది మోయలేని భారం. తప్పొప్పుల పట్టికతో సరిపెట్టుకుంటాడు. ఆ పట్టిక విడికాగితమైతే గ్రంథాలయ ప్రతిలో మిగలడం కూడా అనుమానమే.

ఆర్థికనష్టం కవిది. పాఠనష్టం పరిశోధకునిది. తాళపత్ర కావ్యానికి ప్రత్యంతరాలు దొరకవచ్చు. స్వీయముద్రిత కావ్యానికి చాలాసార్లు ఆ ఒక్క ముద్రణే సాక్ష్యం. వ్రాతప్రతి కవి ఇంట్లో ఉంటే ఉంటుంది. ఆ ముద్రణనే ఆధారంగా తీసుకొని సిద్ధాంతవ్యాసం కవి ఛందోజ్ఞానాన్ని నిర్ణయిస్తే, కంపోజిటరు చేసిన తప్పుకు కవి శిక్ష అనుభవిస్తాడు.

భంగాలన్నింటినీ అచ్చుయంత్రం మీదికి నెట్టే అభిమాన విమర్శ కూడా తక్కువ అపాయకరం కాదు. తేల్చుకొనే మార్గం కొంతవరకు గ్రంథంలోనే ఉంది. ఒకే వత్తు ప్రతిచోటా లోపిస్తే అది మార్పిడి దోషం. వత్తులన్నీ సక్రమంగా ఉండి, ఏ ఒక్కటి చేర్చినా గణం కుదరని పాదం కవిదే కావచ్చు. ఈ రెంటికీ మధ్య, ఒక్కచోట మాత్రమే జారిన వత్తు ఉంటుంది. అక్కడ వ్రాతప్రతి చూడనిదే తీర్పు చెప్పడం సాహసం.