వేషమూ, వాస్తవమూ

కళలో వాస్తవికతను గురించి చర్చ వచ్చినప్పుడల్లా మనలో కొందరు ఛాయాచిత్రాన్ని సాక్షిగా పిలుస్తారు. కెమెరా అబద్ధమాడదని వారి నమ్మకం. ఈ నమ్మకాన్ని బెంగుళూరు కళాకారిణి ఎన్. పుష్పమాల గట్టిగా ప్రశ్నించారు. క్లేర్ ఆర్నీతో కలసి 2000-2004 మధ్య ఆమె రూపొందించిన ‘దక్షిణ భారత స్థానిక స్త్రీలు: ఆచార వ్యవహారాలు’ అనే చిత్రమాలలో తెరలు కట్టించి, వేషం వేసుకొని, తానే నిలబడ్డారు. రవివర్మ లక్ష్మి, చెరువు నుంచి తిరిగివచ్చే స్త్రీ, నేరస్థురాలిగా పత్రికకెక్కిన ఆడది, గళ్ళ తెర ముందు కొలతలకు నిలబెట్టిన తోడా స్త్రీ, అన్నీ వేషాలే.

వేషాలు గనుక అసత్యాలని కొట్టివేయడం తొందరపాటు. థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా ప్రకటించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో మన యానాదులూ చెంచులూ ఉన్నారు. మనుషుల తలలూ ముక్కులూ కొలిచి జాతిలక్షణాలు తేల్చబోయిన అధికారి ఆయన. ఆ కాలపు చిత్రాలు తమ నాటకాన్ని శాస్త్రమని చెప్పుకున్నాయి. పుష్పమాల నాటకాన్ని నాటకమనే చూపించారు.

ఆ శాస్త్రం వెనుకనున్న చూపు ఏం చేసిందో మన ప్రాంతంవారికి తెలుసు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ విస్తరించింది. తరువాత ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో నిఘా కింద ఉంచారు. 1952లో చట్టం రద్దయినా ఆ ముద్ర చెరిగిపోలేదు.

అయినా నాకొక అసంతృప్తి ఉంది. అందరి స్థానంలోనూ కళాకారిణే నిలబడ్డారు. పేదవారిని మరోసారి బొమ్మలు చేయకుండా తన శరీరాన్నే ఒడ్డిన ఆ నిజాయితీని కాదనను. కాని తోడా స్త్రీ తనను తాను ఎలా చూపుకోదలచిందో మనకిక్కడ తెలియదు.

మా గుణదల మేరీమాత తిరునాళ్ళలో, ఫిబ్రవరి నెలలో, రంగుల తెర ముందు ఫొటో తీయించుకొనే కూలి కుటుంబాలను చూశాను. ఇస్త్రీ చొక్కా, అరువు కళ్ళద్దాలు. అదీ వేషమే. అయితే ఆ వేషాన్ని ఎంచుకున్నది వారే. తాము ఎలా బతకాలనుకుంటున్నారో అందులో కనబడుతుంది. అందుచేత ఏర్పాటు చేసిన చిత్రమా, కాదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ ఏర్పాటు ఎవరి చేతిలో ఉన్నదని అడగాలి.

ఇదే ప్రశ్న మన సాహిత్యానికీ వర్తిస్తుంది. మన కథల్లో పిడికిలి బిగించిన కూలివాడు చాలాకాలంగా ఒకే భంగిమలో నిలబడి ఉన్నాడు. అతనికి ఇస్త్రీ చొక్కా మీద ఎందుకు మోజు కలిగిందో వ్రాసిన కథలెన్ని? మన విద్యార్థులు ఆ లెక్క తీయాలని నా కోరిక.